సరితకు ఒకటే మార్కా?

గరిడేపల్లి

వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ సంఘం కార్యదర్శి అహల్య మేడం గారికి, గొర్ల కాపరి మట్టయ్య దండాలు.

ఫోన్ల మాటకు సాక్ష్యం ఉండదు, అందుకే ఉత్తరం. మా చెల్లె బిడ్డ సరిత మీ సూర్యాపేట జట్టుల ఆడుతది. మొన్న మీ డాక్టర్లు పరీక్ష పెట్టి, అదే జట్టుల ఆడే జితేందర్‌కు నాలుగున్నర మార్కులేసి మా పిల్లకు ఒక్కటే ఏసిండ్రట. పదోతరగతి ఫస్టు క్లాసుల పాసయిన పిల్ల. జర మళ్ల దిద్దిపియ్యుండ్రి.

ఇట్లు,
మట్టయ్య

తా.క.: ఒక పొట్టేలును పంపుతున్న. లంచం కాదు, అభిమానం.

*

సూర్యాపేట

మట్టయ్య గారికి నమస్కారం.

అవి మార్కులు కావు. శరీరం ఎంత సహకరిస్తే అన్ని పాయింట్లు. బరిలో ఉన్న ఐదుగురివీ కలిపి పద్నాలుగు దాటకూడదు. సరితకు నడుములోనూ కాళ్లలోనూ కదలిక లేదు కాబట్టి ఒకటి. ఒక్క పాయింటుతో ఆమె ఉంటేనే నాలుగున్నర ఉన్న జితేందర్‌కు చోటు. మూడేళ్ల కింద ముగ్గురితో మొదలుపెట్టాం. ఇప్పుడు కోదాడ, మిర్యాలగూడల్లోనూ జట్లున్నాయి, లీగ్ నడుస్తోంది. రూల్ అందరికీ ఒకటే.

భవదీయురాలు,
అహల్య

తా.క.: పొట్టేలును వాపసు పంపుతున్నాం. మా రిఫరీని రెండుసార్లు పొడిచింది.

*

గరిడేపల్లి

అహల్య మేడం గారికి, మట్టయ్య మళ్లా దండాలు.

పద్నాలుగే అంటే కోటా అన్నట్టు. కోటా ఉన్నకాడ పైరవీ ఉంటదని నాకెర్క. సరిత ట్రాక్టర్ ఎక్కుతది, యాభై కిలోల వడ్ల బస్తా లేపుతది అని నలభై మందితోని సంతకాలు పెట్టిచ్చిన. కాపీలు కోదాడకు, మిర్యాలగూడకు గూడ పంపిన.

మీ మేలు మరువని,
మట్టయ్య

తా.క.: అండ్ల ఒకాయన పోయి రెండేండ్లయింది. కానీ మాట మీద నిలబడే మనిషి.

*

సూర్యాపేట

మట్టయ్య గారికి,

మీ కాపీ చదివి కోదాడ వాళ్లు అభ్యంతరం పెట్టారు. బస్తాలు లేపే పిల్లకు ఒక్క పాయింటేనా అని అడుగుతున్నారు. ఆదివారం సరితను డాక్టర్లు మళ్లీ చూస్తారు. మూడు ఇస్తే జట్టు మొత్తం పదహారవుతుంది. సరిత బయట కూర్చోవాలి.

అహల్య

తా.క.: సరిత మీ ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఇదే.

*

గరిడేపల్లి

మేడం గారికి,

తప్పయింది. బస్తా అబద్ధం, ట్రాక్టర్ అబద్ధం. దాని కాళ్లు పడిపోయిన కాన్నుంచి మా పిల్ల నవ్వంగ నేను సూడలే. ఈ ఆటకొచ్చినంకనే నవ్వింది. ఆ నవ్వును నా చేతులతోనే ఖతం చేసినట్టయితది. ఆదివారం నేనే వచ్చి డాక్టర్ల కాళ్లు పట్టుకుంట.

పరేషాన్ల ఉన్న,
మట్టయ్య

తా.క.: వీలైతే సున్నా ఇప్పియ్యుండ్రి.

*

సూర్యాపేట

మట్టయ్య గారికి,

డాక్టర్లు కాగితాలు చూడరు, ఆట చూస్తారు. సరితకు ఒకటే ఉంచారు. మా జట్టు కోదాడ మీద గెలిచింది కూడా.

మీ సంగతే వేరు. ఆదివారం మీరు కంగారుగా వచ్చి నిలబడ్డ లైను మిర్యాలగూడ కొత్త ఆటగాళ్లది. మోకాలు ఎందుకు వంగదని డాక్టరు అడిగితే, చిన్నప్పుడు బండి కింద పడ్డానని మీరే చెప్పారు. చూపించిన చోటల్లా సంతకం పెట్టారు. మీకు నాలుగు పాయింట్లు వచ్చాయి. ఐదో మనిషి లేక లీగ్ వదిలేద్దామనుకున్న మిర్యాలగూడ వాళ్లు స్వీట్లు పంచారు. వచ్చే ఆదివారం మీ మొదటి మ్యాచ్, సూర్యాపేట మీద.

అభినందనలతో,
అహల్య

తా.క.: సరిత చెప్పమన్న మాట: "నా కాళ్ల ముచ్చట మూడు ఊర్లకు రాసిండు, తన కాలును మాత్రం ఇన్నేండ్లు పంచె కింద దాసిండు. రమ్మనుండ్రి మామను. కింద పడితే లేపనీకి ఉరికి రాను. ఎట్ల లేవాలెనో మాత్రం ముందే నేర్పుత."