ఎవరూ అడగని మెసేజ్

మంగళవారం

వాన వెలిసి చాలాసేపైంది. నాకే మనసు కుదురుగా లేదు.

రైతుల పసుపు అమ్మిపెట్టే ఖలీల్ సేఠ్ అడ్తి దుకాణంలో తూకాల కంప్యూటర్ ప్రోగ్రాం నేను రాసిందే. నిన్న కొత్త వెర్షన్ వేసి వచ్చాను. ఈ రోజు జక్రాన్‌పల్లి రైతు గంగవ్వ బస్తాలు తూచారు. చీటీ ప్రింటయ్యే లోపే ప్రోగ్రాం మూసుకుపోయింది. మళ్ళీ తెరిచినా అంతే. చేతిరాత చీటీ ఇస్తామంటే ఆమె ఒప్పుకోలేదు, పోయినేడు ఎవరో అలాగే మోసం చేశారట.

"మిషిన్ చీటీ వచ్చేదాంక నా పసుపు జరగనియ్య" అని ఆరుబయట బస్తాల పక్కనే కూర్చుంది.

నేను వెళ్ళాను. దుకాణం కంప్యూటర్‌లో ఉన్నది పాత విండోస్ సెవెన్. "మీ సిస్టం పాతదైంది సేఠ్, గందుకే గిట్ల అయితుంది" అన్నాను, గట్టిగానే. అంతలో వాన. పట్టాలు కప్పేలోపే ఆరు బస్తాలు తడిశాయి.

"తప్పు నా కంప్యూటర్ డబ్బాది అవ్వా, జర మాఫ్ చెయ్యి" అన్నాడు సేఠ్. గంగవ్వ తడిసిన పసుపు కొమ్ములు కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చి ఒక్కో లైనూ తీసేస్తూ చూశాను. తూకం అవగానే స్క్రీన్ మూలన 'తూకం పూర్తయింది' అని మెరిసే మెసేజ్ దగ్గర తప్పు దొరికింది. అందం కోసం నేనే పెట్టాను, ఎవరూ అడగలేదు. విండోస్ సెవెన్‌లో ఆ సౌకర్యమే లేదు. నా కొత్త ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా నడిపి చూడలేదు.

ఇందాక సేఠ్ ఫోన్ చేశాడు. "పొద్దుగాల నిజామాబాద్ పోయి కొత్త కంప్యూటర్ తెస్త బిడ్డా, నువ్వేం ఫికర్ చెయ్యకు."

"సరే సేఠ్" అన్నాను.

కొత్తదాంట్లో నా తప్పు కూడా చక్కగా నడుస్తుంది. ఎవరికీ తెలియదు.