పంకా తాడు లాగిన చోట

పెద్దోడా, మన చిన్నదాన్ని, అదే మీ చెల్లిని, ఆ దొరల చర్చికి పాస్టరమ్మను చేసేశార్రా! నిన్న దాని మొదటి ప్రసంగం. మీ తాత ముప్పై ఏళ్లు బయట వరండాలో కూర్చుని, లోపలి దొరలకు గాలి కోసం పంకా తాడు లాగింది అక్కడేరా. ఆయన్ని గడప దాటనివ్వలేదు. తాడు దూర్చిన కన్నం గోడకి ఇంకా ఉంది. "పిచ్చుకలు దూరుతున్నాయి పెద్దాయనా, సిమెంటు పూసేస్తాం" అన్నాడు కాపలాదారు. "బాబ్బాబూ, నీకు దణ్ణం పెడతా, ఉండనీ" అన్నాను. నన్ను మొదటి బెంచీలో కూర్చోబెట్టారు. చిన్నది నోరు విప్పగానే ఏడుపు ముంచుకొచ్చి ఒక్క ముక్కా వినలేదు.

మీ అమ్మ మోకాలికి కాపడం పెడుతున్నారా? చెల్లి మడత మంచం పంపు. పిల్లలకు నా దీవెనలు.

చిన్నాన్నకు, బావకు, ఎదురింటి టీచరమ్మకు చెప్పు. మీ పెద్దత్తకు మాత్రం చెవిలో గట్టిగా అరిచి చెప్పు. చిన్నప్పుడు మీ తాతకు అన్నం మోసుకెళ్లి గేటు దగ్గరే ఆగిపోయేది. ఈ ఆదివారానికి ఆవిడను రైలెక్కించు.