మాదాపూర్‌లో తట్టు లేదట

1998 ఆగస్టు, మంగళవారం

జీడిమెట్లలో తట్టు కేసులు ఎక్కువ. మాదాపూర్‌లో ఒక్కటీ లేదు, పిల్లలందరికీ టీకాలు వేసినట్టే. మా ఆరోగ్య శాఖ ఆఫీసు పట్టికలో అలాగే ఉంది. నమ్మబుద్ధి కాక ఈ రోజు హైటెక్ సిటీ దగ్గర పని చేసే కూలీల గుడిసెలకు వెళ్ళాను.

పాలమూరు నుంచి వచ్చిన లక్ష్మమ్మ పెద్దకూతురు పోయిన వారం తట్టుతోనే చనిపోయింది. టీకా వేయించలేదా అని అడిగాను.

"దవాఖానకు తీస్కపోయిన మేడం. మీది ఈ ఊరు కాదు, మీ ఊర్లనే ఏయించుకోపొమ్మన్నరు."

జీడిమెట్లలో జబ్బుపడితే రాసుకునేవాళ్ళున్నారు. ఈ గుడిసెలు ఏ లెక్కలోనూ లేవు. అందుకే ఇక్కడ సున్నా.

సాయంత్రం మా సార్‌తో చెప్పాను.

"ఆ పిల్ల పాలమూరు లెక్కలోకి వస్తుందమ్మా. కేసులే లేనిచోటికి టీకాలు ఎలా పంపమంటారు?" అన్నారు. ఉన్న టీకాలన్నీ జీడిమెట్లకే వెళ్తున్నాయి.

ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. లక్ష్మమ్మ చంకలో ఇంకో పిల్ల ఉంది. నేను లేచి వచ్చేస్తుంటే, "దీనికన్న ఏస్తరా మేడం?" అని అడిగింది. రేపే మనుషులొస్తారని మాట ఇచ్చాను.

అప్పటికింకా సార్‌ని అడగనే లేదు.