వాగు వైపు దారి

పద్మా,

నువ్వు పోయాక మొదటిసారి, ఈ కార్తీకంలో మారేడుమిల్లి వెళ్ళాం, నేనూ మన స్వాతీ. రామచంద్రపురంలో పొద్దున్నే కారెక్కాం.

ఏటా ఎక్కడ నడవాలన్నది నీ ఆయాసాన్ని బట్టే చూసుకునేవాళ్ళం. ఎక్కువ ఎత్తు ఉండకూడదు, మధ్యమధ్య కూర్చోడానికి బండలుండాలి. అందుకే ఎప్పుడూ వాగు పక్క దారే. ఇంటికొచ్చాక మాత్రం, "నా మూలంగా పిల్ల కొండ మీది జలపాతం చూడలేదు" అని బాధపడేదానివి.

ఈసారి అక్కడికే తీసుకెళ్దామనుకున్నాను. దారులు చీలే చోట నిలబడి ఉన్న గైడ్ అడిగాడు, "పైకా అండి, వాగు వైపా?"

"పైకే" అన్నాను.

స్వాతి నా చెయ్యి పట్టుకుంది. "వాగు వైపే వెళ్దాం నాన్నా."

"ఇప్పుడు మనం ఎక్కగలం కదమ్మా."

"తెలుసు" అంది.

వాగు వెంటే నడిచాం. కాస్త దూరం వెళ్ళాక గమనించాను. ఇంట్లో పరుగే తప్ప నడక తెలియని పదేళ్ళ పిల్ల, నాలుగడుగులకోసారి ఆగుతోంది. నేనూ ఆగుతున్నాను. ఇద్దరిలో ఎవరికీ అలుపు లేదు.

వెనక నుంచి పిల్లలతో ఒక కుటుంబం వచ్చింది. "కాస్త దారిస్తారా అండి?" అందావిడ నవ్వుతూ. పక్కకు జరిగి నిలబడ్డాం. వాళ్ళ మాటలు చెట్ల వెనక్కి వెళ్ళిపోయాయి. దారి ఖాళీ అయింది. అయినా మేమిద్దరం చాలాసేపు కదల్లేదు.