పెట్టె మీద శాలువా

బాబాయ్,

మీ ఆపరేషన్ బాగా జరిగిందని పిన్ని ఫోన్లో చెప్పింది. మీరు కోలుకున్నాక రాద్దామనుకున్నాను కానీ, నెలాఖరు పట్టిక రేపు వాతావరణ కార్యాలయానికి పంపాలి.

మీరు చెప్పినట్టే రోజూ ఉదయం ఏడింటికి పెరట్లోని చెక్కపెట్టె తెరిచి, అందులోని థర్మామీటర్ చూసి రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత రాశాను. నిన్న బయట బకెట్లో నీళ్ళు గడ్డకట్టాయి. థర్మామీటర్ మాత్రం మూడు డిగ్రీలు చూపించింది. అది పాడైందేమోనని ఈరోజు తెల్లవారకముందే వెళ్ళాను. అమ్మ పెట్టె మీంచి మీ ఉన్ని శాలువా తీసి మడతపెడుతోంది.

"ఏంటమ్మా ఇది?"

"మనుషులమే కొంకర్లు పోతున్నాం. లోపలివి గాజువి, పగిలిపోవూ? మీ బాబాయ్ అడిగితే నువ్వు చెప్తావా సమాధానం?"

"రోజూ కప్పుతున్నావా?"

"మొదటి రోజు మర్చిపోయాన్రా," అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఇన్నేళ్ళలో ఒక్క నెల కూడా ఖాళీ లేదని మీరు చెప్పుకునేవారు. శాలువా ఎంత చలి ఆపిందో తెలిసే దారి లేదు కాబట్టి సరిదిద్దలేను. మొదటి రోజు తప్ప మిగతా అంకెలన్నీ కొట్టేసి, 'నమోదు లేదు' అని పంపుతున్నాను. నా చేతికిచ్చిన నెలే ఇలా అయినందుకు బాధగా ఉంది.

అమ్మకు ఇదంతా చెప్పలేదు. చలి తగ్గింది, ఇక కప్పక్కర్లేదని మాత్రం అన్నాను. పరికరాలు చెక్కుచెదరలేదని మీకు చూపించాలని ఆవిడ ఎదురుచూస్తోంది. మీరొచ్చాక ఆ పెట్టె తెరిచి, "బాగా చూసుకున్నారు వదినా" అని ఒక్క మాట అనండి.

ఉంటాను,
మీ అన్నయ్యగారి అబ్బాయి