విరజాదేవి గారి పలక

బట్టల బజారు,
మార్కాపురం.

గంగాభాగీరథీ సమానురాలైన శ్రీమతి విరజాదేవి గారి దివ్యసముఖానికి అన్నపూర్ణ నమస్కరించి రాయునది.

అమ్మా, ఈ ఒక్క వాక్యం రాసి, పెన్ను పక్కన పెట్టి, చేతుల చెమట తుడుచుకొని వచ్చాను. మీకు ఉత్తరం రాస్తున్నానంటే నాకే నమ్మకం కలగడం లేదు. రేడియోలో మీ పాట మొదలైతే మా అమ్మ పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేచేది కాదు. మా నాయన కేకలేస్తే, "పాలు రేపు గూడా పొంగుతాయి. విరజమ్మ పాట మళ్ళా ఎప్పుడొస్తుందో ఏమో" అనేది.

మీరు పుట్టింది కొనకనమిట్ల దగ్గరి పల్లెలో. అక్షరాలు దిద్దింది మా మార్కాపురంలో. మద్రాసుకని రైలెక్కింది దొనకొండలో. ఆ తరువాత మీరు తెర మీద నటించడం, మీ పాట మీరే పాడుకోవడం లోకమంతా చూసింది. దగ్గరగా చూడనిది మేమే. అందుకని ఈ మార్గశిరంలో హైస్కూలు మైదానంలో మీ పాటల పండుగ చేయాలని కమిటీ వేసుకున్నాం. మావారు చంద్రశేఖరరావు అధ్యక్షులు. మాది బట్టల దుకాణం కనుక వేదికకు తెరలు ఆయనే ఇస్తున్నారు, అందువల్ల అధ్యక్షులు. నేను కార్యదర్శిని. అంటే పని నాది.

మీరు తప్పక రావాలి. 'కొండమీది మబ్బు సామీ, కొంచెమాగి పో' అని మీరు పాడుతుంటే మా మెట్టచేల వాళ్ళు నిజంగానే ఆకాశం వైపు చూసేవాళ్ళట. ఆ పాటకు ముందు మోగే పలక డప్పు దరువును ఇప్పటికీ మా పెళ్ళిళ్ళలో పలకలవాళ్ళు కొడుతూనే ఉన్నారు.

మీ ఫోన్ నంబరు పంపితే మాట్లాడతాను. అలా రాశాను గానీ, మీరు "హలో" అంటే ఫోన్ మావారి చేతికిచ్చి పారిపోతానేమో.

ఇట్లు,
మీ పాట వింటూ పెరిగిన
అన్నపూర్ణ

తా.క. మొదటి వాక్యం మావారు చెప్పి రాయించారు. పెద్దవాళ్ళకు అలాగే రాయాలట.

*

చెన్నై.

చి. సౌ. అన్నపూర్ణకు విరజ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మన ఊరి పేరున్న చోట వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఫోన్ వద్దు. ఉత్తరమే రాయి. నా సంగతి పోయిన ఏడు పత్రికల్లో వచ్చింది కదా, మీరూ చదివే ఉంటారు. అది తెలిసి కూడా పిలిచారంటే మీది మామూలు మనసు కాదు. వస్తాను.

పెద్ద ఏర్పాట్లేమీ చేయకండి. వేదిక మీద నాకు ఒక కుర్చీ, ఒక పలక ఉంటే చాలు. బలపాలు నేనే తెచ్చుకుంటాను. తెల్లవి, సన్నవి, ఓ పది.

అక్షరాలు కుదరడం లేదు. సర్దుకొని చదువు.

ఆశీర్వదిస్తూ,
విరజ

తా.క. గంగాభాగీరథీ సమానురాలని భర్త పోయినవాళ్ళకు రాస్తారమ్మా. నాకు అసలు పెళ్ళే కాలేదు. మీ ఆయన ఒక్క వాక్యంలో నాకు పెళ్ళి చేసి, భర్తను కూడా సాగనంపాడు. విరజ అంటేనే ఒక నది. పైన మరో రెండు నదులెందుకు?

*

మార్కాపురం.

వేరే నదులు అక్కరలేని విరజాదేవి గారికి అన్నపూర్ణ వేయి నమస్కారాలు, వేయి క్షమాపణలు.

తా.క. చదివి మావారు దుకాణం గోదాములో చీరల మూటల వెనక్కి పోయి కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే తప్ప బయటికి రాలేదు.

అమ్మా, మీ సంగతి చదవకపోవడమా! ఆ వార్త వచ్చిన రోజు బజారంతా మిఠాయిలు పంచాం. టపాకాయలు కాల్చాం. "ఎప్పుడో రావాల్సింది, ఇన్నాళ్ళకు వచ్చింది" అని మావారు కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు.

మీరు పలక అడిగారని చెప్పగానే కమిటీ మొత్తం లేచి నిలబడింది. ఒక్క పలక ఏం మోగుతుంది? ముండ్లమూరు వైపు నుంచి పలకల ఇశ్రాయేలును పిలిపించాం. పెళ్ళి ఊరేగింపుల్లో అతని దరువు పడితే మంచం పట్టినవాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి చూస్తారు. పాతిక పలకలు తెస్తానన్నాడు. "విరజమ్మ ముందర కొట్టడమంటే మా తాత పుణ్యం" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక మీతో వచ్చే బలగాల విషయం. తెల్లవాళ్ళు, సన్నగా ఉంటారు, పదిమంది అని రాశారు కదా. విదేశాల్లో మీకు అభిమానులున్నారని మాకు తెలియదు. "తెల్లవి, సన్నవి" అని వస్తువుల గురించి రాసినట్టు రాశారేమిటని నాకొక అనుమానం వచ్చింది. మావారు మాత్రం, "పెద్ద తారలు అట్లనే అంటారు లే. నీకేం తెలుసు" అన్నారు. లాడ్జిలో పై అంతస్తు మొత్తం చెప్పి ఉంచాం.

ఇట్లు,
ఆనందంతో నిద్ర పట్టని
అన్నపూర్ణ

తా.క. వాళ్ళు కారం తింటారా? మా వంటమనిషి సరోజమ్మ, "మన గోంగూర తిన్నాక ఎర్రగా అయితే నాకు సంబంధం లేదు" అని ముందే చెప్పేసింది.

*

చెన్నై.

అన్నపూర్ణకు,

రెండు రోజులుగా అన్నం సహించలేదు. నా సంగతి విని మిఠాయిలు పంచారా? టపాకాయలు కాల్చారా? ఎప్పుడో రావాల్సింది అన్నాడా మీ ఆయన? గిట్టనివాళ్ళు మద్రాసులోనే ఉన్నారనుకున్నాను. బట్టల బజారులో కూడా ఉన్నారని తెలియదు.

అయినా మాట ఇచ్చాను, వస్తాను. పుట్టిల్లు కొట్టినా పుట్టిల్లే.

పాతిక పలకలు నేనేం చేసుకోను? ఒక్కటి చాలు, ఒళ్ళో పెట్టుకుంటాను. చెక్క చట్రం ఉన్నదైతే మంచిది. పక్కన ఒక తడిగుడ్డ పెట్టించు. తెల్లవాళ్ళెవరు? నాకు బలగం ఎక్కడిది? నాతో వచ్చేది శివపార్వతి ఒక్కతే, నన్ను కనిపెట్టుకొని ఉండే అమ్మాయి.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. నా సంగతి జనానికి ముందే చెప్పి ఉంచు. తీరా అంత దూరం నుంచి వచ్చి వాళ్ళు నిరాశపడకూడదు.

విరజ

తా.క. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఏం మిఠాయి?

*

మార్కాపురం.

పూజ్యులైన విరజాదేవి గారికి,

మైసూర్‌పాక్ అమ్మా. మీరు ఇంత పెద్దవారై ఉండి, "ఇంత దానికి మిఠాయిలెందుకు" అన్నట్టు బాధపడ్డారు చూడండి, అక్కడ మాకు ఇంకోసారి చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆ వినయం అందరికీ రాదు.

తెల్లవాళ్ళు రావడం లేదని తెలిసి సరోజమ్మ ఊపిరి పీల్చుకుంది.

మీరే స్వయంగా పలక ఒళ్ళో పెట్టుకుంటారని చదివి వినిపిస్తే ఇశ్రాయేలు తన పలకను ఒళ్ళో పెట్టి చూసుకున్నాడు. "మేమంతా మెడకు తగిలించుకొని కొడతాము. ఒళ్ళో పెట్టుకొని కొట్టే విద్య ఎక్కడ నేర్చినాదో ఆ తల్లి!" అన్నాడు. తడిగుడ్డకు మాత్రం ఒప్పుకోలేదు. "వద్దమ్మా, తడి తగిలితే పలక మూగబోతుంది. దానికి సెగ కావాల" అన్నాడు. అందుకని వేదిక మీద మీ కుర్చీ పక్కనే నిప్పుల కుంపటి పెట్టిస్తున్నాం. తెరలు మావారివి కాబట్టి, నీళ్ళ బకెట్లు కూడా ఆయనే పెట్టిస్తున్నారు.

మీరు చెప్పినట్టే జనానికి ముందుగా చెప్పిస్తున్నాం. ఆటోకు మైకు కట్టి దొనకొండ నుంచి గిద్దలూరు దాకా తిప్పుతున్నాం. "మన ఆడబిడ్డ విరజాదేవి గారు స్వయంగా పలక వాయిస్తూ, తమ అమృత గానంతో 'కొండమీది మబ్బు సామీ' పాడుతున్నారు. రండి, తరించండి!"

ఎవరూ నిరాశపడరమ్మా. అది మా పూచీ.

ఇట్లు,
అన్నపూర్ణ

తా.క. ఆటోలో మైకు పట్టుకున్నది మావారే. ఆయన గొంతు పోయింది. రెండు రోజులుగా సైగలతో బేరాలు చేస్తున్నారు. దుకాణంలో ఇంత ప్రశాంతత ఎప్పుడూ లేదు.

*

చెన్నై.

అన్నపూర్ణా,

ఆటో ఆపించు.

నేను పాడతానని నీకెవరు చెప్పారు? పోయిన ఏడు నా గొంతుకు ఆపరేషన్ అయింది. స్వరపేటిక తీసేశారు. పాట కాదు, ఒక్క మాట కూడా రాదు. పత్రికల్లో వచ్చింది ఆ సంగతి. ఫోన్ వద్దన్నది అందుకు. నేనడిగింది రాసుకునే పలక. మన మార్కాపురం రాతిపలక. చిన్నప్పుడు అక్కడ అక్షరాలు దిద్దిన పలక లాంటిది. నేను తెస్తానన్నవి బలపాలు, బలగాలు కాదు. ఎవరైనా పలకరిస్తే రాసి చూపిద్దామని, తుడుచుకోవడానికి తడిగుడ్డ ఉంటే బాగుంటుందని అడిగాను. కుంపటి కాదు.

నీ మీద కోపం లేదు. కానీ పాట కోసం వచ్చిన అంతమంది ముందు నోరు తెరవలేక నేను కూర్చోలేను. నేను రాను.

విరజ

*

మార్కాపురం.

అమ్మా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మేము చదివింది మీకు బిరుదు ఇచ్చిన వార్త. మిఠాయిలు దానికి. రెండో వార్త మా కళ్ళబడలేదు. మీరు బాధతో రాసిన ప్రతి మాటనూ మేము పండుగ చేసుకుంటూ చదివాం. రాతిపలకలకు పేరుపడ్డ మార్కాపురంలో పుట్టి, పలక అంటే రాతిపలక అని నాకు తోచకపోవడం కన్నా సిగ్గు ఇంకొకటి లేదు.

కమిటీ కూర్చుంది. పండుగ మానేద్దామని మావారు కాగితం మీద రాసి చూపించారు. అప్పుడు మూలన నిలబడిన ఇశ్రాయేలు ముందుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? నా పలకకు మాటలొస్తాయా? అయినా జనం వస్తారు గదా. ఆడబిడ్డకు గొంతు పోయినాదని పుట్టింటికి పిలవకుండా ఉంటామా? ఆయమ్మ వచ్చి ఊరికే కూచుంటే చాలు."

ఆటో మళ్ళీ తిరిగింది. ఈసారి మైకు నేను పట్టుకున్నాను. అమ్మగారు పాడలేరు, చూడటానికి రండి అని ఉన్నమాట చెప్పాను. గిద్దలూరు బస్టాండు దగ్గర ఆటో ఆపి రెండుసార్లు చెప్పాను. ఆగిన జనం ఒక్కరూ కదలలేదు. ఒక ముసలాయన తలపాగా తీసి, "ఆ తల్లి మాకు పాడింది చాలదా? వస్తామని చెప్పు" అన్నాడు.

రాతిపలక చేయించి ఉంచాను. మీరు వస్తే వేదిక మీద ఉంటుంది. రాకపోతే ఆ కుర్చీని ఖాళీగా ఉంచి, దానికే మొక్కుకుంటాం.

ఇట్లు,
అన్నపూర్ణ

తా.క. కుంపటి తీసేశాం.

*

చెన్నై.

చి. సౌ. అన్నపూర్ణకు విరజ ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. రానన్నదాన్ని, నువ్వు రాసిన ఆ గిద్దలూరు ముసలాయన మాటే బండెక్కించింది. నా చేయి పట్టుకొని మెట్లెక్కించి, నువ్వు తెర వెనకకు పోయి ఏడుస్తూ ఉండిపోయావని శివపార్వతి చెప్పింది. అందుకని నువ్వు చూడనిది రాస్తున్నాను.

ఆ మైదానం నిండా మనుషులు. నేను నమస్కరించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంతమంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వేల మంది ఉన్నచోట అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. అప్పుడు ఇశ్రాయేలు దరువు వేశాడు. పాతిక పలకలు అందుకున్నాయి. నా పాటకు ముందు వచ్చే దరువు. స్టూడియోలో అది విన్నప్పుడల్లా ఊపిరి తీసుకొని సిద్ధమయ్యేదాన్ని. అలవాటుగా ఊపిరి తీసుకున్నాను. గొంతు లేదన్న సంగతి గుర్తొచ్చేలోపు ముందు వరస ఆడవాళ్ళు ఎత్తుకున్నారు. ఆ వెనక వాళ్ళు, ఆ వెనక గోడ మీద కూర్చున్నవాళ్ళు. నా జీవితమంతా పాట నా నుంచి బయటికి పోయింది. నా వైపుకు రావడం అదే మొదటిసారి.

కుర్చీలో కూర్చోలేకపోయాను. శివపార్వతి చేయి పట్టుకొని కిందికి దిగి, ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. అందరితో పాటు పెదవులు కదిపాను. అప్పుడే వచ్చి నా పక్కన కూలబడిన ఒక ముసలామె నా నోటి వైపే చూస్తోంది. పేరు పెద్దమ్మ. దొనకొండ వైపు గొర్రెలు మేపుకునే వాళ్ళట. కొడుకు కాటమరాజు వెంట ఉన్నాడు. ఆమె నా మోకాలి మీద తట్టింది.

"అట్ల గాదమ్మా. నువ్వు తప్పు పాడుతుండావు. కొంచెమాగి పో గాదు. కొంచెం కూచొని పో."

నేను పలక మీద, "ఈ పాట నేనే పాడాను" అని రాసి చూపించాను.

"నాకు సదువు రాదు. ఏం రాసినావో నోటితో చెప్పు" అంది.

కాటమరాజు పైకి చదివి వినిపించాడు.

"పాడినావులేమ్మా. ఎవరు పాడలే?" అంది పెద్దమ్మ. "పాడినావు గానీ తప్పు పాడినావు. ఆగి పొమ్మనేది బస్సును. మబ్బు మన ఇంటికొచ్చిన చుట్టం. చుట్టాన్ని ఎవరన్నా ఆగి పొమ్మంటారా? కూచొని పొమ్మంటారు."

అన్నపూర్ణా, ఆ పాట రాసిన కవి, బాణీ కట్టినాయన, నేను, ముగ్గురం ఒక రోజంతా ఆ ఒక్క ముక్కతో కుస్తీ పట్టాం. ఇక్కడ ఏదో చిన్న లోటుందని కవిగారు తల పట్టుకున్నాడు. అది ఏమిటో మాలో ఎవరికీ తెలియలేదు. దొనకొండ చేలల్లో ఎవరో ఎప్పుడో దాన్ని సరిచేసి, అందరికీ నేర్పి, ఊరుకున్నారు. మాకు చెప్పాలని కూడా అనుకోలేదు.

పలక పక్కన పెట్టేశాను. మళ్ళీ పల్లవి వచ్చినప్పుడు ఆమె చెప్పినట్టే పెదవులు కదిపాను. పెద్దమ్మ నా గడ్డం పట్టుకొని ముఖంలోకి చూసి, "ఆఁ, ఇప్పుడొచ్చినాది" అంది. నాకు బిరుదులిచ్చిన వాళ్ళెవరూ అంత పరీక్షగా చూసి ఇవ్వలేదు.

వచ్చే ఏడు కూడా పిలువు. వేదిక మీద కుర్చీ వేయకు. ఆమె పక్కన చాప చాలు.

ఆశీర్వదిస్తూ,
విరజ

తా.క. పోయేటప్పుడు పెద్దమ్మ శివపార్వతిని పక్కకు పిలిచి, "ఎవరో విరజాదేవంట, వస్తుందని ఆటోలో చెప్పినారు. ఇంతకీ వచ్చిందా, రాలేదా?" అని అడిగిందట.

"వచ్చింది పెద్దమ్మా. కొంచెం కూచొని పోయింది" అని చెప్పిందట మా శివపార్వతి.