నెల ముందా, రోజు ముందా

12-9-1996, రాత్రి

పైన తేదీ వేస్తుంటేనే చెయ్యి ఆగిపోయింది. బడిలో నేర్పినట్టు రోజు ముందు, నెల తర్వాత రాశాను. కంప్యూటర్ మాత్రం నెల ముందు చదువుతుంది. నేను కంప్యూటర్ నేర్చుకున్న నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పారు కూడా.

నేను పనిచేసే చిక్కడపల్లి టైపింగ్ షాపులో పాత కంప్యూటర్‌లోని ఫైళ్లను కొత్తదానిలోకి మార్చమని సార్ ఈరోజు నాకు అప్పగించారు. ఏప్రిల్ ఎనిమిది దాకా ఉన్నవి ముందే మార్చేశారు. తొమ్మిది నుంచి ఉన్నవన్నీ కాపీ అయ్యేలా నేను ఆదేశాలన్నీ వరసగా నడిపే బ్యాచ్ ఫైలు రాసి, అందులో 09-04-96 అని కొట్టాను. తెర మీద పేర్లు గబగబా పరిగెత్తాయి.

"అన్ని వచ్చినయా చెల్లె? పాతదాన్ని ఇంటికి తీస్కపోయి రాత్రికే డిస్క్ మొత్తం సాఫ్ చేస్త," అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే శ్రీను అన్న.

"వచ్చినయన్నా. నా మీద నమ్మకం లేదా?"

"ఎందుకు లేదు తల్లీ, నువ్వు ఇంజనీరువి, నేను స్క్రూలు ఇప్పెటోణ్ణి!"

ఇద్దరం నవ్వాం.

కంప్యూటర్ 09ని నెల అనుకుంది; వచ్చినవి సెప్టెంబర్ నాలుగు నుంచి ఉన్నవే. అడిక్‌మెట్ సుజాత అక్క థీసిస్ జూలైలో టైప్ చేశాం. సగం ఆమె పక్కన కూర్చుని చెబుతుంటే నేను కొట్టిందే, కాగితం మీద ఎక్కడా లేదు. ఉన్నది ఆ పాత డిస్క్‌లోనే. రేపు ప్రింట్ కోసం ఆమె వస్తుంది.

శ్రీను అన్న ఉండేది అశోక్ నగర్‌లో. ఏ గల్లీయో తెలియదు.

ఇప్పుడే నాయిన అటు తిరిగి పడుకుంటూ, "ఇయ్యాల తారీఖెంత బిడ్డా?" అని అడిగాడు. మా ఇంట్లో తారీఖు చదవగలిగేది నేనొక్కదాన్నే.